హిందీలో దాచిన మాట

"ఇడువ్! ఇడువే పోరీ!" అంటూ పరమేశ్ కూతురి దవడలు పట్టి లాగాడు.

సింధూజ విడవలేదు. తమ్ముడి ముంజేతిని పళ్ల మధ్య బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. మూడేళ్ల సాయి ఏడుపు ఊపిరందక మధ్యలోనే ఆగిపోయింది.

స్టవ్ మీద పాలు వదిలేసి సంగీత పరిగెత్తుకొచ్చింది. "సింధూ, బిడ్డా, తమ్ముడే..." అని కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి తగలగానే పిల్ల నోరు వదిలేసింది. తల్లికి అందకుండా గోడ మూలకు జరిగి, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూచుంది.

సాయి చేతి మీద పళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. ఒకచోట చర్మం తెగి నెత్తురు చెమ్మగిల్లింది.

"నేను లడ్డూ తిన్న, బస్. దీదీ కొరికింది," అన్నాడు వాడు వెక్కుతూ.

"ఏ లడ్డూ? ఎక్కడిది?"

వాడు కిటికీ వైపు చూపించాడు.

కిటికీకి అడ్డంగా చీరల కట్టలు పేర్చి ఉన్నాయి. దారాలు కత్తిరించే పనికి సంగీత ఇంటికి తెచ్చుకునే కట్టలవి. ఆమె వాటిని పక్కకు జరిపింది. ఇనప జాలికీ కిటికీ రెక్కలకీ మధ్య ఉన్న సందులో కాగితం పరిచి ఉంది. దాని మీద ఎండిపోయిన అన్నం, సగం రొట్టె, బూజు పట్టిన ఉప్మా, చీమలు. నాలుగైదు రోజులుగా గదిలో వస్తున్న వాసన మోరీదని ఆమె అనుకుంటోంది. ఫినాయిల్ కూడా పోసింది.

"సింధూ, గిది ఎవలికి పెట్టినవు బిడ్డా?"

పిల్ల తలెత్తలేదు. "అవ్వకు," అంది.

వారం మొత్తం మీద ఆ నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే.

కొట్టడానికి ఎత్తిన పరమేశ్ చెయ్యి దానంతటదే కిందికి దిగింది. అవ్వ అంటే నర్సవ్వ. అతన్ని కన్నదీ, అతని కూతుర్ని పెంచిందీ ఆమే. తండ్రీ బిడ్డా ఇద్దరూ ఆ మనిషిని ఆ ఒక్క పిలుపుతోనే పిలిచేవాళ్లు.

సంగీత సాయి చేతికి పసుపు అద్ది, గుడ్డ చుట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"తింటలేదు తింటలేదు అనుకున్నం. అవ్వ వస్తదని దాస్తున్నది పిచ్చిది. ఇగనన్న చెప్తవా, లేదా?"

"హిందీల మాట్లాడు."

"ఎన్నొద్దులని హిందీల మాట్లాడుదుము?"

"మా మర్ గయీ, యే బచ్చీకో అభీ నహీ బోల్‌నా," అన్నాడు పరమేశ్ గొంతు తగ్గించి. అమ్మ చచ్చిపోయిందని పిల్లకు ఇప్పుడే చెప్పొద్దు. ఆ మాటను అతను తెలుగులో ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు. నెల్నాళ్ల కిందట సింధూజ సూరత్ లింబాయత్‌లోని ఈ గదిలోకి వచ్చిన రోజు నుంచి, ఆమెకు తెలియకూడని సంగతులన్నీ హిందీలోనే నడుస్తున్నాయి.

అక్కడ ఊళ్లో నర్సవ్వ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ కూలిపోయింది. పిల్లను అప్పటికప్పుడు పక్కింటి గంగవ్వ ఎత్తుకుపోయింది. దహనానికీ దూరంగానే ఉంచారు, పదో రోజుకూ దూరంగానే ఉంచారు. అవ్వ ఊరికి పోయిందన్నారు. ఏ ఊరికో ఎవరూ చెప్పలేదు.

"బాపుకు నిన్ననే ఫోన్ చేసిన," అన్నాడు పరమేశ్ ఈసారి తెలుగులోనే, ఊళ్లో ఉన్న తండ్రి సాంబయ్య సంగతి ఎత్తి. "బస్సెక్కిండు. మాపటికి దిగుతడు. రేపు పొద్దుగాల దీన్ని తోల్కపోతడు."

సంగీత చేతిలోని పసుపు డబ్బా అలాగే ఉండిపోయింది. "నన్ను అడగకుంటనే?"

"అడిగితే ఏమంటవ్? అది నీ దగ్గరికి వస్తున్నదా? నీ చేత తింటున్నదా? అమ్మా అని ఒక్కనాడన్న పిలిచిందా? ఆడనే పెరిగింది, ఆడనే ఉండనీ."

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఇద్దరిలో ఎవరూ అటు కదల్లేదు.

అతను అన్నదాంట్లో అబద్ధమేదన్నా ఉంటే సంగీత నోటికొచ్చినట్టు తిట్టి ఉండేది. లేదు. ఎనిమిది నెలలప్పుడు సింధుకు ఊపిరి పిల్లనగ్రోవిలా కూసేది. పగలూ రాత్రీ మగ్గాలు ఆడే ఈ సందులో గాలి నిండా నూలు నుసే. ఇక్కడుంటే పిల్ల దక్కదని ఆనాటి డాక్టరు అన్నాడు. నర్సవ్వ వచ్చి భుజాన వేసుకుని పోయింది. "ఏడాది నిండనీ, తోలిస్త," అంది. ఏడాది నిండేసరికి సాయి కడుపులో ఉన్నాడు. ఆ తర్వాత పండక్కి ఊరికి పోయిన ప్రతిసారీ పిల్ల నర్సవ్వ కొంగు చాటున దాక్కునేది. సంగీత అందాజుగా కొనుక్కుపోయిన గౌన్లు ప్రతిసారీ పొట్టివయ్యేవి.

"ముందుగాల దవాఖానకు పోదాం నడువ్," అంది చివరికి. "బాల్వాడీ టీచరమ్మ చెప్పింది గద. పొల్ల బొమ్మ లెక్క కూసుంటున్నది, దిమాగ్ ఎదగలేదేమో చూపియ్యిమన్నది."

పరమేశ్ చొక్కా అందుకున్నాడు.

* * *

పిల్లల డాక్టరమ్మ గదిలో గోడ వారగా ఒక చాప, దాని మీద రంగురంగుల చెక్క ముక్కలు ఉన్నాయి. సింధూజ వాటి ముందు కూచుంది కానీ ముట్టుకోలేదు. సాయి మాత్రం కట్టున్న చేత్తోనే రెండు ముక్కలు లాక్కున్నాడు.

డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ. వీళ్లతో హిందీలో మాట్లాడింది. పిల్ల పుట్టినప్పటి నుంచీ అడుగుతూ వచ్చింది.

"మెడ ఎప్పుడు నిలబెట్టింది?"

"మూడో నెల."

"బోర్లా పడింది?"

"అయిదో నెల నడుస్తుంటే. ఒక్కసారి పడ్డదంటే మళ్ల ఎల్లకిల వేస్తే ఊకునేది కాదు."

"కూచోవడం?"

"ఏడు నిండినంక. దిండు పెడుతుంటిమి వెనక."

సంగీత చకచకా చెప్పుకుపోయింది. ఆ సంగతులన్నీ ఆమె ఒడిలో జరిగినవే.

"నడక?"

ఒక్క క్షణం ఆగింది. "పదకొండో నెల. తలుపు పట్టుకోని లేచి, నాయిన చెప్పు కోసం రెండడుగులు వేసింది."

పరమేశ్ ఆమె వైపు చూశాడు. చెప్పు కోసం నడిచింది సాయి.

"మొదటి మాట?"

"పానీ అన్నది."

డాక్టరమ్మ తలెత్తింది. "ఊళ్లో పెరిగిందన్నారు కదా. అక్కడ మీవాళ్లు ఇంట్లో హిందీ మాట్లాడతారా?"

ఫ్యాను గాలికి గోడ మీది పోలియో బొమ్మ రెపరెపలాడుతోంది. సంగీత దాన్నే చూసింది.

"నాకు తెల్వదు మేడం," అంది. "ఎనిమిది నెలలకు అత్త చేతుల పెట్టిన. ఎప్పుడు నడిచిందో, ఏ మాట మాట్లాడిందో, పాలు ఎప్పుడు మాన్పిచ్చిన్రో నాకేం తెల్వదు. ఇప్పుడు చెప్పినయి కొడుకువి."

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఎవరు చూశారో వాళ్లతో నేను ఫోన్లో మాట్లాడతాను. నంబరు ఇవ్వండి," అంది.

పరమేశ్ కుర్చీలో ముందుకు వంగాడు. కూతురి వైపు వీపు పెట్టి, గుసగుసగా, హిందీలో చెప్పాడు. "వో మర్ గయీ మేడం. మేరీ మా థీ. పిల్లకు తెలీదు. అది ఉన్నప్పుడు మేము హిందీలోనే మాట్లాడుకుంటాం."

డాక్టరమ్మ అతని భుజం మీదుగా చాప వైపు చూసింది. సంగీత కూడా చూసింది. సింధూజ మునివేళ్లు ఒక చెక్కముక్క మీద ఆగి ఉన్నాయి.

డాక్టరమ్మ చేత్తో ఏదీ చూపించలేదు, గొంతూ మార్చలేదు. మామూలుగానే హిందీలో అంది: "బేటా, కుర్చీ కింద పసుపు ముక్క పడింది. అది తీసి మమ్మీకి ఇవ్వు."

ఆ కుర్చీ కింద ఎర్రదీ ఉంది, నీలందీ ఉంది.

సింధూజ చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా వంగి, ఎర్రదాన్నీ నీలందాన్నీ పక్కకు నెట్టి పసుపు ముక్క తీసుకుంది. నడిచి వచ్చి, సంగీత చెయ్యి తాకకుండా, దాన్ని ఆమె ఒళ్లో పెట్టి మళ్లీ చాప మీదకు పోయింది.

"దీని బుర్రకేం కాలేదు," అంది డాక్టరమ్మ. "కొత్త భాషలో వచ్చి పడ్డ పిల్లలు కొన్నాళ్లు నోరు విప్పరు. చెవులు మాత్రం పని చేస్తూనే ఉంటాయి. ఎన్నాళ్ల నుంచి దీని ముందు ఆ మాట అనుకుంటున్నారు?"

పరమేశ్ తల వంచుకున్నాడు.

"ఇంటికి పోయి మీ భాషలో చెప్పండి. ఊరికి పోయింది, నిద్రపోయింది అనొద్దు. చనిపోయింది అనే చెప్పండి. ఇంకో సంగతి, పిల్లను ఇప్పుడప్పుడే మళ్లీ చోటు మార్చకండి. తల్లిని పోగొట్టుకున్న పిల్ల..." అని, సంగీత ముఖం చూసి, "పెంచిన తల్లిని," అని సర్దుకుంది.

ఆ సర్దుబాటు సంగీతను మరింత కోసింది. పసుపు ముక్కను బల్ల మీద పెట్టి లేచింది.

* * *

షేరింగ్ ఆటోలో వెనక సీటు కిక్కిరిసి ఉంది. పరమేశ్ ఒళ్లో సాయి నిద్రపోయాడు. సంగీతకూ, టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒక పెద్దమనిషికీ మధ్య సింధూజ ఇరుక్కుని కూచుంది. రైలు పట్టాల కింది గర్నాలా దారి దగ్గర బళ్లన్నీ ఆగిపోయాయి.

ఇంటికి పోయాక చెప్పాలనుకుంది సంగీత. ఇంటికి పోతే నోరు రాదని భయం వేసింది.

"సింధూ... అవ్వ..."

"సచ్చిపోయింది," అంది సింధూజ.

తండ్రి ఇటు తిరిగాడు.

"నీకెట్ల ఎర్క బిడ్డా?" అంది సంగీత.

"మర్ గయీ అంటే సచ్చిపోయింది. సాయి చెప్పిండు. మెట్ల కాడ కబూతర్ పిట్ట పడ్డది గద, మర్ గయా అన్నడు. ముట్టుకుంటే లేస్తలేకుండె." చాలా రోజులుగా వాడని గొంతు కావడంతో మాటలు బొంగురుగా వస్తున్నాయి. "నాయిన రోజు అంటడు గద, మా మర్ గయీ, మా మర్ గయీ అని. నాయినకు మా అంటే అవ్వనే గద."

వెనక నుంచి ఎవడో హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

"ఎర్కై గూడ బువ్వ ఎందుకు దాస్తున్నవు మరి?" అంది సంగీత. "అవ్వ వస్తదనా?"

సింధూజ మొదటిసారి తల్లి కళ్లలోకి నేరుగా చూసింది. ఏమీ తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"దాస్తలేను. పెడ్తున్న."

"ఎవలికి?"

"సచ్చిపోయినోళ్లకు పెడ్తరు. అవ్వ వాళ్లవ్వకు పెడ్తుండె, గోడ మీద, ఇస్తారిల. కాకి తింటే ఆమె తిన్నట్టు." ఆటో బయటికి వేలు చూపించింది. "ఈడ కాకి వస్తలేదు. కబూతర్లే ఉన్నయి. అయి గూడ జాలి సందుల దూరుతలేవు. తియ్యటిది పెడ్తె వస్తదేమో అనుకున్న. సాయి తినేసిండు."

పరమేశ్ ఆటో బయటికి ముఖం తిప్పుకున్నాడు. కట్టె పేర్చినప్పుడు అతను ఏడవలేదు. నిప్పు పెట్టినప్పుడూ ఏడవలేదు. పదో రోజు గుండు చేయించుకుని, వచ్చినవాళ్లకు దగ్గరుండి వడ్డించి, మర్నాడే సూరత్ బస్సెక్కాడు. ఇప్పుడు నిద్రపోతున్న కొడుకు జుట్టులో ముఖం దాచుకుని, నలుగురు కొత్తవాళ్ల మధ్య, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు. టిఫిన్ డబ్బా పెద్దమనిషి ఏమీ అడక్కుండా ఇంకొంచెం జరిగి చోటిచ్చాడు.

"నాయిన ఏడుస్తున్నడు," అంది సింధూజ, చూసిన సంగతి చెప్పినట్టు. తను మాత్రం ఏడవలేదు.

సంగీత చెయ్యి పిల్ల వీపు వెనక సీటు మీద ఆనించి ఉంది. దగ్గరకు తీసుకోవాలని ఉంది. తీసుకుంటే ఇంట్లో గోడ మూలకు పోయినట్టే పిల్ల దూరంగా జరిగిపోతుందేమో. ఇక్కడ జరగడానికి చోటు లేదు. చోటు లేదు కదాని పట్టుకోవడం ఆమెకు మనసొప్పలేదు.

* * *

సాంబయ్య అప్పటికే వచ్చి గది ముందు మెట్టు మీద కూచుని ఉన్నాడు. కాళ్ల దగ్గర గుడ్డసంచి. నర్సవ్వ పోయాక అతని మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి.

తాతను చూడగానే సింధూజ ఆటోలోంచి దూకి పరిగెత్తింది. ఆ పిల్ల పరిగెత్తగా సంగీత చూడడం అదే మొదటిసారి. ఎడమ కాలు కాస్త పక్కకు వేస్తూ, చేతులు రెండూ ముందుకు చాచి పరిగెత్తుతుందని అప్పుడే తెలిసింది.

"వచ్చినవా నా తల్లీ," అని ఎత్తుకున్నాడు సాంబయ్య. "మీ అవ్వ ఊరికాంచి ఇంక..."

సింధూజ అతని నోటి మీద చెయ్యి పెట్టింది. "అబద్ధం చెప్పకు తాతా."

ముసలాయన కొడుకు వైపు చూశాడు. పరమేశ్ ఎర్రబడిన కళ్లతో, "ఎర్కనే బాపు దానికి. ముందు నుంచే ఎర్కనట," అన్నాడు.

సాంబయ్య పిల్లను దించి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. రోజూ ఫోన్లో పిల్లకు అబద్ధం చెప్పీ చెప్పీ అలసిపోయి ఉన్నాడేమో, వాన కురిసినట్టు ఏడ్చాడు. సింధూజ గౌను అంచు ఎత్తి అతని చెంపలు తుడుస్తూ నిలబడింది. లోపలికి పోవాలంటే వాళ్లను దాటాలి. సంగీత పోలేదు. సందులో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

చాయ్ తాగి, దీపాలు పెట్టే వేళకు అసలు మాట వచ్చింది.

"పొద్దుగాల బస్సున్నది. దాని బట్టలు సదురు బిడ్డా," అన్నాడు సాంబయ్య కోడలితో.

"మామా, ఇప్పుడే చోటు మార్చద్దని డాక్టరమ్మ చెప్పింది."

"మరి నేనొక్కన్ని ఆ ఇంట్ల ఏం జెయ్యాలె? తెల్లారి లేస్తే ఎవలతోని మాట్లాడాలె?"

"నువ్వు ఈడనే ఉండరాదు?"

"జాగ యాడున్నది?" అన్నాడు పరమేశ్ అడ్డుపడి. "మనకే కాళ్లు సాపుకోరాదు. బాపుకు దగ్గు. ఈ నుసిల పది దినాలు ఉండలేడు."

పక్కనున్న మగ్గాల చప్పుడు గోడలకు పాకి గిన్నెలను సన్నగా అదిరిస్తోంది. సింధూజ తాత వీపుకు ఆనుకుని, ముఖం కనపడకుండా కూచుంది.

"మామా," అంది సంగీత ఉన్నట్టుండి. "ఇది ఎప్పుడు నడిచింది?"

"ఏంది?"

"సింధు. మొదటిసారి ఎన్నడు నడిచింది? ఫస్టు ఏమన్నది?"

సాంబయ్య నుదురు ముడుచుకుని వెతుక్కున్నాడు. "నేను పొద్దుగాల మగ్గం మీదికి పోతే మాపటికే గద వచ్చుడు. అన్ని మీ అత్తనే సూస్తుండె. చెప్పేది గూడ. ఇయ్యాల గిట్ల జేసింది, గట్ల జేసింది అని... నేను ఊఁ అంటుంటి." తల అడ్డంగా ఊపాడు. "యాదికొస్తలేదు బిడ్డా. ఆమెకే ఎర్క."

ఆ అయిదేళ్లనూ ఎప్పుడో తీరిగ్గా కూచుని అత్తను అడిగి తెలుసుకోవచ్చని ఇన్నాళ్లూ సంగీతకు ఎక్కడో ఒక ధీమా ఉండేది. అడిగే మనిషి లేదు. కట్టె మీద నర్సవ్వతో పాటు తన కూతురి పసితనం కూడా కాలిపోయింది.

"బతుకమ్మకు నడిచిన."

తాత వీపు వెనక నుంచి వచ్చింది ఆ గొంతు.

"అందరు ఆడుతుంటే, అవ్వ చెయ్యి ఇడిసిపెట్టి పూల కాడికి నడిచిన. నాలుగడుగులేసి పూలల్ల పడ్డ. అవ్వ రోజు చెప్తుండె, పండుకునేటప్పుడు. నువ్వు చిన్నగున్నప్పుడు గిట్ల జేసినవు అని."

సంగీత చాప మీద కొంచెం ముందుకు జరిగింది. మరీ దగ్గరగా పోలేదు. "ఇంకేం చెప్పింది బిడ్డా? ఫస్టు ఏమన్నవట నువ్వు?"

సింధూజ పెదాలు విడివడ్డాయి. మళ్లీ మూసుకున్నాయి. తాత సంచి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, ఆఖరికి సంగీత వైపు చూసింది.

"చెప్త. అన్ని చెప్త. గని తాత పోవద్దు."

"పిచ్చిదానా..." అన్నాడు సాంబయ్య.

"నువ్వు కాదు. ఆమె చెప్పాలె." వేలు సంగీత వైపు చూపించింది. "తాతను పోవద్దను. అప్పుడు చెప్త."

సంగీత పరమేశ్‌ను చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపి, కళ్లు దించుకున్నాడు. పది దినాలు కూడా ఉండలేడని అన్నది నిజమే. ఇదే నుసికి ఈ పిల్ల ఊపిరి ఒకప్పుడు కూసింది.

"గిట్లయితే తెగదు," అంటూ సాంబయ్య మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నేను మన ఊరోడు మార్కండేయ గదిల పండుకుంట. పొద్దుగాల వస్త. అప్పటిదాంక మీరే అనుకోండ్రి."

సింధూజ అతని ధోవతి పట్టుకోలేదు. ఏడవలేదు. కూచున్న చోటు నుంచి కదలకుండా తల్లి నోటినే చూస్తోంది.

సంగీత తనకు తెలియకుండానే లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ గదికి ఉన్న దారి అదొక్కటే.

"జర జరుగు బిడ్డా," అన్నాడు సాంబయ్య.

ఆమె జరగలేదు. ఉండమని అనడానికి నోరూ రాలేదు.